ట్రంబోకు పని దొరికింది, పేరే దొరకలేదు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "కమ్యూనిస్టు అన్న కారణంతో హాలీవుడ్ వెలివేసిన రచయిత డాల్టన్ ట్రంబోకు ఆ వెలి కాలంలోనే రెండు ఆస్కార్లు వచ్చాయి. చేతినిండా పని కూడా ఉంది. మరి ఆయనకు జరిగిన నష్టం ఏమిటి? విచారణ సంఘం ముందు తోటి కమ్యూనిస్టుల పేర్లు నాలుగు చెప్పి బయటపడి ఉంటే సరిపోయేది కదా?"

చాలాకాలంగా సినిమా కథా చర్చల్లో కూర్చుంటున్నవాణ్ణి. టైటిల్స్‌లో పేరు పడని రచన అంటే ఏమిటో దగ్గరగా తెలిసినవాణ్ణి. అందుకే ఆదర్శాల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు డబ్బు లెక్క చెబుతాను.

1947 నాటికి హాలీవుడ్‌లో అత్యధిక పారితోషికం అందుకునే రచయితల్లో ట్రంబో ఒకడు. ఎంజీఎం స్టూడియోతో ఆయన ఒప్పందం ప్రకారం వారానికి 3,000 డాలర్లు, లేదా స్క్రిప్టుకు 75,000 డాలర్లు. వెలి పడ్డాక కింగ్ బ్రదర్స్ అనే చిన్న నిర్మాతల కోసం 'గన్ క్రేజీ' రాస్తే ముట్టినది 3,750 డాలర్లు. అదీ వాయిదాల్లో. అంటే సరిగ్గా ఇరవయ్యో వంతు. రాసే చెయ్యి మారలేదు, బుర్ర మారలేదు. ఆ సినిమా టైటిల్స్‌లో మిలార్డ్ కాఫ్‌మన్ అనే మరో రచయిత పేరు పడింది. బ్లాక్‌లిస్టు, అంటే ఆ వెలి జాబితా, ఏం చేసిందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు. అది ట్రంబో రాతను ఆపలేదు. ధర నిర్ణయించుకునే శక్తిని ఆయన నుంచి లాక్కుంది. మన రంగంలో రచయితకు బేరమాడే బలం ఇచ్చేది గత సినిమా మీద పడిన పేరు ఒక్కటే. అది పోతే ఎంత అనుభవం ఉన్నా ప్రతి స్క్రిప్టూ మొదటి స్క్రిప్టే.

ఆ 75,000 డాలర్ల స్థాయికి ఆయన తేలిగ్గా చేరలేదు. 1905లో కొలరాడో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి చెప్పుల దుకాణంలో గుమాస్తా. కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు తరలి వచ్చిన కొద్దికాలానికే, 1926లో, తండ్రి చనిపోయాడు. ఇంటి భారం మీద పడడంతో ట్రంబో ఒక పెద్ద బేకరీలో రాత్రి షిఫ్టులో రొట్టెలు చుట్టే పనిలో చేరి, దాదాపు ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. ఆ ఏళ్లలో రాసిన కథలు, నవలలు కుప్పలుగా తిరిగి వచ్చాయి. రాత్రంతా మేలుకుని రాసే అలవాటు, ఇంట్లో డబ్బు అయిపోతుందనే భయం, రెండూ అక్కడ అబ్బినవే. తరువాతి రోజుల్లో ఆయన్ని బతికించినవీ అవే.

1943లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అప్పటికి సోవియట్ యూనియన్ అమెరికాకు మిత్రదేశం. పార్టీ చట్టవిరుద్ధం కాదు. యుద్ధం ముగిశాక గాలి మారింది. 1947 అక్టోబరులో ప్రతినిధుల సభకు చెందిన 'అమెరికా వ్యతిరేక కార్యకలాపాల' విచారణ సంఘం హాలీవుడ్ వాళ్లను వాషింగ్టన్‌కు పిలిచింది. సంఘానికి సహకరించరని ముద్రపడిన పంతొమ్మిది మందికి సమన్లు వెళ్తే, పదకొండు మందిని సాక్షి బల్ల ఎక్కించారు. పదకొండోవాడు జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్. ఆయన ఏదో జవాబు చెప్పి మర్నాడే యూరప్ విమానం ఎక్కేశాడు. మిగిలిన పదిమందినే 'హాలీవుడ్ టెన్' అంటారు.

అక్టోబరు 28న ట్రంబో వంతు వచ్చింది. తాను రాసిన స్క్రిప్టుల కట్ట వెంట తెచ్చుకున్నాడు. "ఇందులో దేశద్రోహం ఎక్కడుందో చూపించండి" అన్నది ఆయన వాదన. సంఘం వాటిని పట్టించుకోలేదు. ప్రకటన చదవనివ్వలేదు. రచయితల సంఘంలో సభ్యుడివా, కమ్యూనిస్టు పార్టీలో ఇప్పుడు గానీ ఇంతకుముందు గానీ సభ్యుడివా, ఈ రెండే ప్రశ్నలు. ఔను, కాదు అని తప్ప మరో మాట వినదలచుకోలేదు. చివరికి ఆయన్ని బల్ల దించేశారు.

ఇక్కడ న్యాయపరమైన చిక్కు ఒకటుంది. 'ఔను' అంటే తరువాతి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: నీతో పాటు ఇంకెవరు? 'కాదు' అంటే అబద్ధపు సాక్ష్యం కేసు. జైలు తప్పించుకునే దారి రాజ్యాంగం ఐదవ సవరణలో ఉంది, తన మీద తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదనే హక్కు. కానీ దాన్ని వాడితే పార్టీ సభ్యత్వం నేరమని ఒప్పుకున్నట్టే అవుతుందని పదిమందీ భావించారు. అందుకే భావస్వేచ్ఛకు హామీ ఇచ్చే మొదటి సవరణ మీద నిలబడ్డారు. నా రాజకీయం ఏమిటో అడిగే హక్కే ప్రభుత్వానికి లేదు అన్నది వాళ్ల వాదన. సుప్రీంకోర్టు తమ వైపు ఉంటుందని లాయర్ల అంచనా. ఆ అంచనా తప్పేమీ కాదు. అయితే 1949 వేసవిలో ఉదారవాదులైన ఇద్దరు న్యాయమూర్తులు, మర్ఫీ, రట్లెడ్జ్, కొద్ది వారాల తేడాలో చనిపోయారు. 1950లో కోర్టు అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు.

ఈలోగా స్టూడియోలు తమ పని చేసేశాయి. 1947 నవంబరు 24న ప్రతినిధుల సభ పదిమంది మీద ధిక్కార తీర్మానం పెట్టింది. అది భారీ ఆధిక్యంతో నెగ్గింది. అదే సమయంలో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో స్టూడియో పెద్దలు కూర్చుని, ఈ పదిమందిని జీతం లేకుండా తొలగిస్తున్నామనీ, తెలిసి తెలిసి ఏ కమ్యూనిస్టుకూ పని ఇవ్వమనీ ప్రకటించారు. బ్లాక్‌లిస్టుకు పుట్టుక అదే. గమనించండి, ఇది చట్టం కాదు. ఏ ప్రభుత్వ కాగితం మీదా ట్రంబో రాయకూడదని లేదు. వ్యాపారులు తమలో తాము చేసుకున్న కట్టుబాటు. కాబట్టి దాని మీద కోర్టులో గెలవడం కష్టం, దొంగచాటుగా ఉల్లంఘించడం సులువు. నిర్మాతలు రెండోది హాయిగా చేశారు.

ఆ ధిక్కార కేసులో శిక్ష ఖాయమై 1950 జూన్‌లో ట్రంబో కెంటకీలోని ఆష్‌లాండ్ ఫెడరల్ జైలుకు వెళ్లాడు. ఖైదీ నంబరు 7551. ఏడాది శిక్షలో పది నెలలు గడిపాడు. చదువు రాని ఖైదీలకు ఇంటి ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబులు రాసిపెట్టడం చేసేవాడు. ఇంకో జైలు సంగతి కూడా చెప్పుకోవాలి. కనెటికట్‌లోని డాన్‌బరీ జైలుకు వెళ్లిన, పదిమందిలోనివాళ్లే అయిన లెస్టర్ కోల్, రింగ్ లార్డ్‌నర్ జూనియర్‌లకు అక్కడ తోటి ఖైదీగా కనిపించినవాడు ఎవరో కాదు, తమను విచారించిన సంఘం అధ్యక్షుడు పార్నెల్ థామస్! తన కార్యాలయంలో పనిచెయ్యనివాళ్ల పేర జీతాలు రాసి డబ్బు మింగిన కేసులో ఆయనకు శిక్ష పడింది. జైల్లో కోళ్ల దొడ్డి పని అప్పగించారు. ఇలాంటి సన్నివేశం నేను స్క్రిప్టులో రాస్తే "మరీ సినిమాటిక్‌గా ఉంది" అని కొట్టేస్తారు.

ఇప్పుడు బినామీ రచన నడిచే తీరు. చాలామంది మారుపేరు పెట్టుకుంటే అయిపోతుందనుకుంటారు. చిన్న నిర్మాతల దగ్గర అయిపోతుంది. పెద్ద స్టూడియోకు అమ్మాలంటే నడిచే, మాట్లాడే మనిషి కావాలి. 'రోమన్ హాలిడే' కథ ట్రంబోది. స్నేహితుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ తన పేరు మీద దాన్ని అమ్మిపెట్టాడు. బినామీ మనిషి స్టూడియోలో కథా చర్చకు కూర్చోవాలి, దర్శకుడు అడిగిన మార్పులు నోట్ చేసుకోవాలి, "ఈ పాత్ర ఇక్కడ ఎందుకు వెనక్కి తగ్గింది?" అంటే తడుముకోకుండా చెప్పాలి. రాత్రి అసలు రచయిత ఇంటికి వెళ్లి అదంతా అప్పజెప్పాలి. చెక్కు బినామీ పేరు మీద వస్తుంది, ఆదాయపన్ను లెక్క కూడా ఆయన మీదే పడుతుంది. చర్చలో లేని రచయిత తన సన్నివేశాన్ని కాపాడుకోలేడు. నా అనుభవంలో డబ్బు నష్టం కన్నా ఇదే ఎక్కువ బాధ పెడుతుంది.

'రోమన్ హాలిడే'కు ఉత్తమ కథ ఆస్కార్ 1954లో వచ్చింది, హంటర్ పేరుకు. అప్పటికే హంటర్ కూడా బ్లాక్‌లిస్టులో పడ్డాడు. బినామీకే బినామీ కావలసిన పరిస్థితి.

జైలు నుంచి వచ్చాక ట్రంబో పశువుల కొట్టంతో సహా ఉన్న తన పెద్ద వ్యవసాయ క్షేత్రాన్ని వదులుకుని, 1951 చివర్లో భార్య క్లియో, ముగ్గురు పిల్లలతో మెక్సికో సిటీ చేరాడు. వెలిపడిన మరికొన్ని కుటుంబాలు అప్పటికే అక్కడున్నాయి. చవకగా బతకొచ్చనుకున్నారు. కానీ నిర్మాతలకు దూరమైతే వచ్చే కాస్త పనీ రాదు. ఉన్నది కరిగిపోయింది. మిగిలిందల్లా ఎద్దుల పోరు చూసినప్పుడు తట్టిన ఒక కథ: బాగా పోరాడిన ఎద్దును జనం కోరిక మీద చంపకుండా వదిలేసే ఆచారం అక్కడుంది, ఆ ఎద్దును పెంచిన పిల్లవాడి కోణం నుంచి చెబితే ఎలా ఉంటుంది? 1954లో లాస్ ఏంజెలెస్ తిరిగొచ్చి, హైలాండ్ పార్క్ అనే మామూలు పేటలో ఇల్లు తీసుకుని, కింగ్ బ్రదర్స్ కోసం దాన్నే 'ది బ్రేవ్ వన్'గా రాశాడు.

ఆ ఇంట్లో పని ఎలా సాగేదో ఫొటోలు, కుటుంబసభ్యుల మాటల ద్వారా మనకు బాగా తెలుసు. రాత్రివేళ నీళ్లు నింపిన బాత్‌టబ్బులో కూర్చునేవాడు. టబ్బుకు అడ్డంగా చెక్క పలక, దాని మీద కాగితాలు, ఆష్‌ట్రే, సిగరెట్లు. టైపు చేసిన పేజీలను కత్తెరతో ముక్కలు చేసి, సన్నివేశాల వరస మార్చి, మళ్లీ టేపుతో అతికించేవాడు. నిద్ర రాకుండా మాత్రలు, పక్కన విస్కీ. ఈ దృశ్యాన్ని సరదాగా చెప్పుకోవడం మామూలైపోయింది. నాకు మాత్రం ఇందులో కనిపించేది పాత ధరలో ఇరవయ్యో వంతుకు పనిచేస్తూ ముగ్గురు పిల్లలను పోషించవలసిన మనిషి. ధర తగ్గితే సంఖ్య పెంచాలి, సంఖ్య పెంచాలంటే రాత్రులు అమ్ముకోవాలి. నచ్చకపోతే ఉచితంగా తిరగరాసి ఇస్తానని ముందే మాట ఇచ్చేవాడు. తనకు వచ్చిన పని ఎక్కువైతే వెలిపడ్డ తోటి రచయితలకు పంచేవాడు. పిల్లలకు ఇంటి రహస్యాలు మొయ్యడం నేర్పవలసి వచ్చింది. నాన్న ఏం చేస్తాడని బయట ఎవరైనా అడిగితే చెప్పకూడదు. చిన్న కూతుర్ని బడిలో తోటిపిల్లలు దూరం పెడితే, దాని గురించి ట్రంబో రాసిన ఉత్తరం చదవండి. ఎప్పుడూ వ్యంగ్యంతో తప్పించుకునే మనిషి అక్కడ తప్పించుకోలేకపోయాడు.

'ది బ్రేవ్ వన్' టైటిల్స్‌లో రచయిత పేరు రాబర్ట్ రిచ్. ఆ పేరు కింగ్ సోదరుల మేనల్లుడిది. 1957 మార్చిలో ఉత్తమ కథ ఆస్కార్ ప్రకటిస్తే వేదిక మీదికి రాబర్ట్ రిచ్ రాలేదు. రచయితల సంఘం తరఫున జెస్సీ లాస్కీ జూనియర్ వచ్చి, రిచ్ భార్య పురిట్లో ఉందని సర్దిచెప్పి తీసుకున్నాడు. మర్నాటి నుంచి విలేకరులు రాబర్ట్ రిచ్ కోసం వేట మొదలుపెట్టారు. ట్రంబోలోని అసలు వ్యూహకర్త బయటపడింది ఇక్కడే అని నా అభిప్రాయం. "మీరేనా?" అని ఫోను చేసినవాళ్లకు ఔననలేదు, కాదనలేదు. ఇంకో వెలిపడ్డ రచయిత రాసి ఉండొచ్చు, ఆయన్ని అడగండి అనేవాడు. ఆయన ఇంకొకరి పేరు చెప్పేవాడు. పోనుపోను ఏ మంచి సినిమా చూసినా దీన్ని రాసింది నిషేధిత రచయితేమో అన్న అనుమానం ఊరంతా పాకింది. నిషేధం భయం పుట్టిస్తేనే నిలుస్తుంది. నవ్వు పుట్టించడం మొదలుపెడితే దాని ఆయువు తీరినట్టే.

నవ్వులాటకు ఆస్కార్లు ఇచ్చే అకాడమీ తన వంతు సాయం చేసింది. విచారణ సంఘానికి జవాబు చెప్పనివాళ్లు ఆస్కార్‌కు అనర్హులని 1957లో ఒక నియమం పెట్టింది. 1958 ఆస్కార్ వేడుకలో 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' స్క్రీన్‌ప్లే బహుమతి మూల నవల రాసిన ఫ్రెంచి రచయిత పియర్ బూల్‌కు వెళ్లింది. అసలు రాసిన మైకేల్ విల్సన్, కార్ల్ ఫోర్‌మన్ ఇద్దరూ జాబితాలో ఉన్నవాళ్లే. 1959 జనవరిలో అకాడమీ ఆ నియమాన్ని ఎత్తేసింది. ఆ నెలలోనే ట్రంబో రాబర్ట్ రిచ్ తానేనని బయటపెట్టాడు.

చివరి దెబ్బ ఎవరిది అనే తగాదా ఇప్పటికీ ఉంది. 1960 జనవరిలో దర్శకుడు ఆటో ప్రెమింజర్ 'ఎక్సోడస్' రచయిత ట్రంబో అని పత్రికకు చెప్పేశాడు. కర్క్ డగ్లస్ 'స్పార్టకస్'కు ట్రంబో అప్పటికే శామ్ జాక్సన్ అనే పేరుతో రాస్తున్నాడు. ఆ సినిమా అక్టోబరులో ముందుగా విడుదలై తెర మీద ట్రంబో పేరు చూపింది. బహిరంగంగా ముందు ప్రకటించింది ప్రెమింజర్, తెర మీదికి ముందు తెచ్చింది డగ్లస్. తరువాతి దశాబ్దాల్లో డగ్లస్ ఆ ఘనతను కాస్త ఎక్కువగానే తన ఖాతాలో వేసుకున్నాడు. మాజీ సైనికుల సంఘం థియేటర్ల ముందు ధర్నా చేసింది. 1961 ఆరంభంలో, కొత్తగా గద్దెనెక్కిన అధ్యక్షుడు కెనడీ ఆ ధర్నాను దాటుకుని వెళ్లి వాషింగ్టన్‌లో 'స్పార్టకస్' చూసి వచ్చాడు. సినిమా బాగా ఆడింది. డబ్బు కోసం పెట్టిన కట్టుబాటు డబ్బు వస్తుందని తేలాక సడలిపోయింది.

మన దగ్గర దాదాపు అదే కాలంలో గాలి ఎదురు దిశలో వీచింది. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి మీద నిర్బంధం పెరిగినప్పుడు దాని కళాకారులు పలువురు మద్రాసు సినిమాల్లోకి వచ్చారు. గరికపాటి రాజారావు 1953లో తీసిన 'పుట్టిల్లు'తోనే జమున, అల్లు రామలింగయ్య తెర మీదికి వచ్చారు.

ఇక పేర్లు చెప్పేస్తే పోయేది కదా అన్న సందేహం. ముందుగా, సంఘానికి పేర్లు అవసరం లేదు. ఎఫ్‌బీఐ దగ్గర అవి అప్పటికే ఉన్నాయి. కావలసింది తలవంచే తంతు. నటుడు లారీ పార్క్స్ 1951లో తన పార్టీ సభ్యత్వం ఒప్పుకుని, ఇతరుల పేర్లు అడగవద్దని బతిమాలాడు. చివరికి రహస్య సమావేశంలో చెప్పాడు. అయినా ఆయన సినిమా జీవితం ముగిసినట్టే అయింది. పదిమందిలో ఒకడైన దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్ జైలు నుంచి వచ్చాక మనసు మార్చుకుని పేర్లు చెప్పాడు, ఆయనకు పని దొరికింది. ఎలియా కజాన్ 1952లో చెప్పాడు, గొప్ప సినిమాలు తీశాడు. అంటే చెబితే కొందరికి గిట్టుబాటైంది, కొందరికి కాలేదు. ఆ పేర్లలో ఉన్న మనుషులకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ట్రంబోను మచ్చలేని దేవుణ్ణి చేయడం కూడా నాకు నచ్చదు. 1939లో వచ్చిన ఆయన యుద్ధ వ్యతిరేక నవల 'జానీ గాట్ హిజ్ గన్'. అమెరికా యుద్ధంలోకి దిగాక అది మళ్లీ అచ్చు కాకపోవడం ఆయనకు ఇష్టమే అయింది. దాన్ని మెచ్చుకుంటూ, యుద్ధాన్ని ఆపాలంటూ ఉత్తరాలు రాసిన మితవాదుల వివరాలను ఆయనే ఎఫ్‌బీఐని ఇంటికి పిలిచి అప్పగించాడు. వచ్చినవాళ్లకు ఆ ఉత్తరాల కన్నా తన మీదే ఎక్కువ ఆసక్తి ఉందని అప్పుడు అర్థమైంది. తరువాత ఈ సంగతి తానే రాసుకున్నాడు.

బహుశా అందువల్లే 1970లో రచయితల సంఘం ఇచ్చిన లారెల్ పురస్కారం అందుకుంటూ, ఆ కాలంలో దుష్టులూ వీరులూ లేరు, అందరూ బాధితులే అన్నాడు. పదిమందిలోని ఆల్బర్ట్ మాల్జ్ దీనికి మండిపడ్డాడు. పేర్లు చెప్పినవాడూ, ఆ పేర్ల వల్ల బలైనవాడూ ఒకటేనా అన్నది ఆయన మాటల సారాంశం. ఇందులో నేను మాల్జ్ పక్షం. ట్రంబో పేరు 1960లోనే తెరకెక్కింది, ఆయన ఉదారంగా ఉండగలడు. మాల్జ్ తన పేరు తెర మీద మళ్లీ చూసుకోవడానికి 1970 దాకా ఆగాడు. 'క్రాస్‌ఫైర్' లాంటి సినిమా నిర్మించిన ఏడ్రియన్ స్కాట్ హాలీవుడ్‌లో మళ్లీ నిలదొక్కుకోనే లేదు. ఆల్వా బెస్సీ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక నైట్‌క్లబ్బులో లైట్లు చూసుకునే పని చేశాడు. వెలిలో కూడా రెండు ఆస్కార్లు వచ్చాయి కదా అని ట్రంబోను చూపించి మొత్తం బ్లాక్‌లిస్టును కొలిస్తే వీళ్లెవరూ లెక్కలోకి రారు.

'ది బ్రేవ్ వన్' ప్రతిమను అకాడమీ 1975లో ట్రంబో చేతికి ఇచ్చింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. 'రోమన్ హాలిడే' ఆస్కార్ 1993లో క్లియో అందుకుంది. ఆ సినిమా రచనలో ట్రంబో వాటాను రచయితల సంఘం అధికారికంగా గుర్తించింది 2011 డిసెంబరులో. అందుకోసం తిరిగినవాళ్లలో ట్రంబో కొడుకు, హంటర్ కొడుకు ఇద్దరూ ఉన్నారు. నిర్ణయం వచ్చేసరికి ట్రంబో కొడుకు క్రిస్టఫర్ కూడా లేడు, ఆ ఏడాది జనవరిలోనే పోయాడు.